గన్నవరం–విశాఖ విమానం: గాల్లో ముప్పావుగంట, గుమ్మం నుంచి గుమ్మానికి నాలుగు గంటలు

గన్నవరం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి సూటిగా గీత గీస్తే 290 కిలోమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. విజయవాడ నుంచి రోడ్డు మీదైనా, రైల్లోనైనా 350. ఈ 60 కిలోమీటర్ల తేడా చూసి టికెట్టు కొనెయ్యకండి, అసలు లెక్క వేరే చోట ఉంది.

టికెట్టు మీద ఉండే గంటా పది నిమిషాలూ ఎగిరే సమయం కాదు. ఇక్కడ విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా మొత్తం అందులోదే. ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం గంటకి దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కడం, దిగడం కలిపినా గాల్లో ఉండేది ముప్పావుగంటే. మిగతాదంతా విమానం నేల మీద మెల్లగా కదలడం, రన్‌వే కోసం ఎదురుచూపు. విశాఖ ఎయిర్‌పోర్టు ఉన్నది నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో, వాళ్ల విమానాలకీ అదే రన్‌వే. అక్కడ నేల మీద ఫోన్ తీసి ఫొటోలు తియ్యకూడదు కూడా.

బెంజి సర్కిల్ నుంచి బీచ్ రోడ్డుకి లెక్కేద్దాం. గన్నవరం 20 కిలోమీటర్లు, 40 నిమిషాలు. కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటంపావు ముందుండాలి. ప్రయాణం గంటా పది. సామాను చేతికొచ్చేసరికి 20, ఎయిర్‌పోర్టు దగ్గరి ఎన్ఏడీ కూడలి మీదుగా బీచ్‌కి మరో 40. మొత్తం నాలుగు గంటలు దాటింది. వందేభారత్ నాలుగు నుంచి నాలుగున్నర గంటల్లో ఊరి మధ్యలో దింపుతుంది. స్టేషనుకి వెళ్లిరావడం కలుపుకున్నా విమానంతో మిగిలేది గంట లోపే. ఆ గంట కోసం 15 కిలోల సామాను పరిమితి, సెక్యూరిటీ క్యూ పడటం దండగ.

ఇల్లు హనుమాన్ జంక్షన్ వైపు, పని గాజువాకలోనో స్టీల్‌ప్లాంటులోనో ఉంటే మాత్రం విమానమే మేలు. రెండు ఎయిర్‌పోర్టులూ దగ్గర్లోనే ఉంటాయి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాము ఫ్లైటుతో జాగ్రత్త. గన్నవరం చుట్టూ పొలాలు, కాలవలు, పొగమంచు దట్టంగా కమ్ముతుంది. పొద్దున ఒక్క ట్రిప్పు ఆగితే అదే విమానం తిరగాల్సిన మిగతా ట్రిప్పులన్నీ వెనక్కి జరుగుతాయి. ఈ రూటులో నేరుగా వెళ్లే సర్వీసులు తక్కువ, మధ్యలో ఎత్తేసి మళ్లీ వేస్తుంటారు. నేరుగా వెళ్లేది లేనప్పుడు హైదరాబాద్ మీదుగా చూపిస్తారు. అది తీసుకునేకన్నా బస్సెక్కడం నయం.

సీటు ఎంచుకునేటప్పుడు విశాఖ వెళ్తూ కుడివైపు తీసుకోండి. ఏటీఆర్‌కి రెక్కలు పైన ఉంటాయి, చూపుకి అడ్డం రావు. దారి ఇంచుమించు రాజమండ్రి మీదుగానే పోతుంది. మబ్బు లేకపోతే ధవళేశ్వరం ఆనకట్ట, దాని కింద పాయలుగా చీలిన గోదావరి, కోనసీమ పచ్చదనం కనిపిస్తాయి. ప్రొపెల్లర్ల పక్క వరసల్లో మోత ఎక్కువ. ఎక్కేది వెనక తలుపు నుంచే కాబట్టి చివరి వరసల వాళ్లు త్వరగా దిగుతారు. పైన అరలు చిన్నవి, పెద్ద ట్రాలీ పట్టదు.

బస విషయానికొస్తే, పొద్దున్నే తిరుగు ఫ్లైటుంటే రుషికొండలో దిగకండి. ఎన్ఏడీ, మురళీనగర్ వైపు లాడ్జి చూసుకోండి. ఇటు విజయవాడలో రామవరప్పాడు రింగు దగ్గరైతే గన్నవరం తేలిక.

విశాఖ రాకపోకలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే నగరం నుంచి 45 కిలోమీటర్ల దూరం. అప్పుడు ఈ మిగిలే గంట కూడా ఉండదు, గాజువాక వాళ్లకైతే మరీ దూరం.