ప్రీ-మెడ్ మాస్టర్స్‌కి డిపాజిట్ కట్టబోతున్నారా? జాగ్రత్త, ముందు ఇది చదవండి

అమెరికాలో పిల్లల్ని డాక్టర్లుగా చూడాలనుకుంటున్న తెలుగు తల్లిదండ్రులకి, అందులోనూ డిగ్రీలో జీపీఏ తగ్గి ఏం చేయాలో తోచక ఉన్నవాళ్ళకి ఈ పోస్టు. 2023లో మేము మా అమ్మాయిని, మెడికల్ స్కూల్ సీటుకి దారి అవుతుందని, ఏడాది బయోమెడికల్ సైన్సెస్ మాస్టర్స్‌లో చేర్చాం. ట్యూషన్, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 74,000 డాలర్లు అయింది. కాలేజీ పేరు రాయను. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ మంచివే అనుకుంటారు. పైగా మా ఆయనకి లాయర్ నోటీసులంటే హడల్.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ చదివింది. మొదటి రెండేళ్ళు ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ బాగా దెబ్బకొట్టాయి. చివరి రెండేళ్ళు కష్టపడి లాక్కొచ్చినా జీపీఏ 4కి 3.21 దగ్గర ఆగింది. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో 503. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, ఆ పరీక్ష మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి. ఎండీ (ఇక్కడ డాక్టర్ కావడానికి చేసే మొదటి డిగ్రీయే ఎండీ) కాలేజీల్లో సీటు వచ్చేవాళ్ళ సగటు 511, 512 దగ్గర, జీపీఏ సగటు 3.77 చుట్టుపక్కల ఉంటోంది. మా లెక్క ఎక్కడుందో మీకే అర్థమవుతుంది.

అప్పుడే ఆ కాలేజీ వాళ్ళ జూమ్ మీటింగ్‌కి వెళ్ళాం. నేనూ మా ఆయనా సోఫాలో, అమ్మాయి కింద కార్పెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని. స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో 84 శాతం. మా విద్యార్థుల్లో 84 శాతం మందికి మెడికల్ స్కూల్లో సీటు వచ్చింది అని. దాని పక్కనే చిన్న చుక్క గుర్తు ఉంది. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, ఎందుకంటే మా అమ్మాయి దాన్ని చూపించి "అమ్మా, ఆ స్టార్ ఏంటో అడుగుదామా?" అంది. "ముందు వాళ్ళు చెప్పేది విననివ్వవే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ చుక్క సంగతి డిసెంబర్‌లో తెలిసింది. మా అమ్మాయి బ్యాచ్‌లో 64 మంది చేరారు. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి 9 మంది మానేశారు, వాళ్ళు లెక్కలోంచి పోయారు. మిగిలినవాళ్ళలో కూడా కాలేజీ కమిటీ లెటర్ (కాలేజీ ఇచ్చే సిఫార్సు ఉత్తరం) తీసుకుని అప్లై చేసినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారట. ఫలానా జీపీఏ లేకపోతే ఆ లెటరే ఇవ్వరు. ఇక "మెడికల్ స్కూల్" అంటే ఎండీ అనే కాదు. డీఓ (ఆస్టియోపతీ డిగ్రీ, దానితోనూ డాక్టర్ అవుతారు), డెంటల్, కరీబియన్ దీవుల కాలేజీలు అన్నీ అందులోకే వస్తాయి, కోర్సు అయ్యాక మూడేళ్ళలోపు ఎప్పుడొచ్చినా సరే. పిల్లలు వాట్సాప్ గ్రూపులో ముందు బ్యాచ్‌ల సీనియర్లని అడిగి లెక్క వేసుకుంటే, చేరినవాళ్ళలో సగం మందికి కూడా సీటు రాలేదు. 84 అబద్ధం కాదు. దేనిలో 84 అన్నది మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

రెండో ఎర "గ్యారంటీడ్ ఇంటర్వ్యూ". ఆ యూనివర్సిటీకి మెడికల్ స్కూల్ ఉంది, మాస్టర్స్ పూర్తిచేసినవాళ్ళకి అక్కడ ఇంటర్వ్యూ ఖాయమన్నారు. నేనైతే సగం సీటు వచ్చేసినట్టే అనుకున్నాను. చేరాక ఇచ్చిన హ్యాండ్‌బుక్‌లో షరతులు కనిపించాయి: జీపీఏ 3.6, ఏ సబ్జెక్టులోనూ బి కంటే తగ్గకూడదు, ఎమ్‌క్యాట్ 508. మా అమ్మాయి 3.52తో పూర్తిచేసింది. సున్నా పాయింట్ సున్నా ఎనిమిది తక్కువ. అడ్వైజర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఎంతో మర్యాదగా టిష్యూ పెట్టె ముందుకు జరిపి, రూల్ రూలే అందట. ఇంటర్వ్యూ వచ్చినా అది ఇంటర్వ్యూ మాత్రమే. పెళ్ళిచూపులకి పిలిచారని శుభలేఖలు వేయించుకోం కదా.

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియదు, దయచేసి నెమ్మదిగా చదవండి. ఎండీ కాలేజీల దరఖాస్తు ఏఎమ్‌సీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా వెళ్తుంది (టెక్సస్‌లో చాలా కాలేజీలకి టీఎమ్‌డీఎస్ఏఎస్ అని వేరే ఉంది). ఈ మాస్టర్స్‌లో వచ్చిన మార్కుల్ని ఏఎమ్‌సీఏఎస్ డిగ్రీ మార్కులతో కలపదు. గ్రాడ్యుయేట్ జీపీఏ అని వేరే గడిలో చూపిస్తుంది. మా అమ్మాయివి 120 క్రెడిట్లకి 3.21. మాస్టర్స్ బదులు మా ఊరి స్టేట్ యూనివర్సిటీలోనే డిగ్రీ స్థాయి సైన్స్ క్లాసులు, అంటే పోస్ట్-బ్యాక్, 30 క్రెడిట్లు తీసుకుని అన్నిట్లో ఏ గ్రేడు తెచ్చుకుంటే ఆ 3.21 కాస్తా 3.37 అయ్యేది. అదేమీ ఆకాశానికి ఎక్కడం కాదు, కానీ కదిలేది. మాస్టర్స్‌లో 4.0 తెచ్చుకున్నా 3.21 అలాగే ఉంటుంది. మెడికల్ స్కూల్ అడ్మిషన్ కమిటీలో మనుషులు చదివేటప్పుడు మాస్టర్స్ మార్కులకి విలువ ఉంది, కాదనను. కానీ కొన్ని కాలేజీలు ముందు డిగ్రీ జీపీఏతోనే వడపోస్తాయి. ఆ జల్లెడ దాటితేగా మనుషుల చేతికి వెళ్ళేది.

డీఓ కాలేజీల్లో మళ్ళీ రాసిన సబ్జెక్టుకి పాత గ్రేడు తీసేసి కొత్తది వేస్తారని మా ఫ్రెండ్ ఒకావిడ ధైర్యం చెప్పింది. ఆ పద్ధతి 2017లోనే తీసేశారు. రెండు గ్రేడులూ లెక్కకొస్తాయి. పార్టీల్లో దొరికే సలహాలకి ఎక్స్‌పైరీ డేట్ ఎవరూ రాయరు.

క్లాసుల గురించి. ఈ మాస్టర్స్‌లలో రెండు రకాలున్నాయి. జార్జ్‌టౌన్‌లో 1975 నుంచి నడుస్తున్నది ఒక రకం. అక్కడ మొదటి ఏడాది మెడికల్ విద్యార్థులు చదివే పాఠాలే చదివి, వాళ్ళు రాసే పరీక్షలే రాస్తారు. బాగా రాస్తే "ఈ అమ్మాయి మెడిసిన్ తట్టుకోగలదు" అనడానికి అదే రుజువు. రెండో రకంలో బిల్డింగ్ మెడికల్ స్కూల్‌ది, క్లాసులు మాత్రం వేరు. మాది రెండోది. క్యాంపస్ టూర్‌లో తెల్లకోట్ల పిల్లల్ని చూపించారు, చేరాక వాళ్ళు లిఫ్ట్‌లో తప్ప మా అమ్మాయికి ఎక్కడా కలవలేదు. నేను మాత్రం ఇక్కడి ఉగాది ఫంక్షన్‌లో అడిగినవాళ్ళందరికీ "మెడికల్ స్కూల్ క్యాంపస్‌లోనే చదువుతోందండీ" అని చెప్పుకున్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ స్లైడ్‌లో కూడా లేదు.

మొదటి ఫిజియాలజీ పరీక్షప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. 71 వచ్చింది, క్లాస్ సగటు 79. కిడ్నీ చాప్టర్. నెఫ్రాన్‌లో సోడియం ఎక్కడెక్కడ వెనక్కి వెళ్తుందో చార్టులు గీసి బాత్రూమ్ అద్దం మీద కూడా అంటించుకుందట, అయినా 71. డిగ్రీలో నెల రోజులు చెప్పే పాఠం ఇక్కడ వారంలో అయిపోతుంది. అప్పటికి తను వారానికి 15 గంటలు ఒక క్లినిక్‌లో స్క్రైబ్‌గా (డాక్టర్ చెప్పేది రాసిపెట్టే పని) పనిచేస్తోంది, ఎమ్‌క్యాట్ మళ్ళీ రాయడానికి చదువుతోంది, సెప్టెంబర్‌లో దరఖాస్తు కూడా పంపింది. ఈ మూడూ ఒకేసారి పెట్టుకోమని పోరు పెట్టింది నేనే. "గ్యాప్ వస్తే ఎలా?" అని. ఎవరికి సమాధానం చెప్పుకోవాలనో నాకే తెలియదు.

ఆ సెప్టెంబర్ దరఖాస్తు బూడిదలో పోసిన పన్నీరే. ఏఎమ్‌సీఏఎస్‌లో మే చివరికో జూన్ మొదట్లోనో సబ్మిట్ చేయనిస్తారు, జూన్ ఆఖరుకి కాలేజీలకి వెళ్తుంది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకి పిలుస్తాయి. సెప్టెంబర్‌లో వెళ్ళేసరికి చాలా పిలుపులు అయిపోయి ఉంటాయి. పైగా అప్పటికి మాస్టర్స్ మార్కు ఒక్కటీ లేదు. అంటే పాత 3.21, పాత 503తోనే అప్లై చేసినట్టు, దానికి మళ్ళీ ఫీజులు. ఇంకోసారి అప్లై చేసినప్పుడు, గతంలో ఎందుకు రాలేదు, ఇప్పుడు ఏం మారింది అని అడిగే కాలేజీలున్నాయి. ఎమ్‌క్యాట్ కూడా జన్మలో 7 సార్లే రాయనిస్తారు, ఏడాదికి 3. ఊరికే ట్రయల్ వేద్దాం అనుకునే పరీక్ష కాదది.

అదే ఇంట్లో ఉన్న రూమ్మేట్‌కి సీటు వచ్చింది, ఎండీ. ఆ అమ్మాయి మా అమ్మాయి కంటే తెలివైనదేం కాదు, ఆ మాట తనే చెప్పింది. చేరకముందే ఎమ్‌క్యాట్ ముగించేసుకుంది, 512. మొదటి సెమిస్టర్‌లో ఉద్యోగం లేదు, రీసెర్చ్ లేదు, చదువొక్కటే. విన్న రోజే లెక్చర్‌ని ప్రశ్నలుగా మార్చుకుని ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో పెట్టుకునేది, మా అమ్మాయి స్లైడ్లు మళ్ళీ మళ్ళీ చదివేది. మూడో వారానికే ఇద్దరు ప్రొఫెసర్ల ఆఫీసులకి వెళ్ళి ముఖం తెలిసేలా చేసుకుంది, రికమెండేషన్ లెటర్ మే నెలలో అడిగితే ఎవరు రాస్తారు? దరఖాస్తు మాత్రం ఏడాది ఆగి, మొత్తం మార్కులు చేతికొచ్చాక జూన్ మొదటి వారంలో పంపింది. ఆ ఖాళీ ఏడాదిలో హాస్పిస్‌లో (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు) వాలంటీర్‌గా చేసింది. కాబట్టి కోర్సు మొత్తం మోసమని నేను అనను. డిగ్రీ జీపీఏ తక్కువై, ఎమ్‌క్యాట్ బాగున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది. ఎమ్‌క్యాట్ తక్కువైనవాళ్ళకి ఈ కోర్సు మందు కాదు, దానికి ఎమ్‌క్యాటే చదవాలి. ఇక ఇందులో కూడా బిలు, సిలు వస్తే చేరకముందు కంటే అన్యాయం. "మెడికల్ స్కూల్ పాఠాలు ఈ పిల్లకి పడవు" అని మన డబ్బుతో మనమే సర్టిఫికెట్ తెచ్చుకున్నట్టు.

అప్పు సంగతి ఇప్పుడింకా గట్టిగా చూసుకోవాలి. మేము 20,500 డాలర్లు ఫెడరల్ (ప్రభుత్వ) లోన్, మిగతాది ఇంటి మీద తీసుకున్నాం. గ్రాడ్ ప్లస్ అని ఎంత కావాలంటే అంత ఇచ్చే లోన్ ఉండేది. 2025లో వచ్చిన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి అది లేదు. మామూలు మాస్టర్స్‌కి ఏడాదికి 20,500 దాటి ఫెడరల్ లోన్ ఇవ్వరు. తర్వాత మెడిసిన్‌కి ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 పరిమితి. చాలా మెడికల్ స్కూళ్ళ ఖర్చు అంతకంటే ఎక్కువే. అంటే మాస్టర్స్‌కి తగ్గినదానికి ప్రైవేట్ లోన్, దాని మీద అమ్మానాన్నల సంతకం. ఇంటి మీద అప్పు ఇప్పుడే వాడేస్తే, రేపు నిజంగా సీటు వచ్చినరోజు ఏం పెడతాం?

హైదరాబాద్, విజయవాడ నుంచి చదివేవాళ్ళకి ఒక మాట. మా ఆడపడుచు కొడుకు హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "ఒక్క ఏడాది ప్రీ-మెడ్ ఎమ్మెస్, ఆ తర్వాత డైరెక్ట్‌గా ఎండీ" అని ఆశపెట్టారు. వదిన ఫోన్ చేస్తే అక్కడే ఆపించాను. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళ దరఖాస్తు అసలు తీసుకోని మెడికల్ స్కూళ్ళే ఎక్కువ. తీసుకునేవి కూడా చాలావరకు అమెరికాలో డిగ్రీయో, కొన్నేళ్ళ డిగ్రీ స్థాయి చదువో ఉండాలంటాయి. ఇండియా డిగ్రీ మార్కుల్ని ఏఎమ్‌సీఏఎస్ జీపీఏలో లెక్కకట్టదు. ఫెడరల్ లోన్ రాదు. కొన్ని కాలేజీలైతే ఒకటి నుంచి నాలుగేళ్ళ ఫీజు ముందే బ్యాంకులో వేసి చూపించమంటాయి. ఎంబీబీఎస్ చేసినవాళ్ళకి దారి పూర్తిగా వేరు, వాళ్ళు యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్స్ పరీక్ష రాసి రెసిడెన్సీకి (ఆసుపత్రిలో డాక్టర్ శిక్షణకి) వెళ్తారు, వాళ్ళకి ఈ మాస్టర్స్ అవసరమే లేదు. ఆ కన్సల్టెన్సీ కుర్రాడికి ఈ తేడా తెలియదో, తెలిసీ చెప్పలేదో మరి.

డిపాజిట్ కట్టేముందు కాలేజీకి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో వద్దు, రాతలో కావాలి. గత మూడు బ్యాచ్‌లలో మొదటి రోజు ఎంతమంది చేరారు, అందులో ఎంతమందికి ఎండీ, ఎంతమందికి డీఓ సీటు వచ్చింది అని విడివిడిగా అడగండి. ఇంటర్వ్యూ గ్యారంటీ అంటే ఆ షరతుల పేజీ పంపమనండి, గత ఏడాది ఆ షరతులు అందుకున్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో సీటు ఎందరికి అన్నది కూడా. మెడికల్ విద్యార్థులతో ఒకే పరీక్షా, వేరేనా? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు? జవాబుకి బదులు "కాల్‌లో మాట్లాడుకుందాం" అని వస్తే మీకు జవాబు వచ్చేసినట్టే. మెడికల్ స్కూళ్ళకి ఎల్‌సీఎంఈ గుర్తింపు ఉందని చూపిస్తే, అది ఎండీ కోర్సుకి ఇచ్చేది. మాస్టర్స్‌కి దానితో సంబంధం లేదు.

మా అమ్మాయి ఏడాదిపాటు రీసెర్చ్ ఆఫీసులో పనిచేస్తూ, సాయంత్రాలు చదివి ఎమ్‌క్యాట్ మళ్ళీ రాసింది. 511 వచ్చింది. 2025 జూన్‌లో మొదటి వారంలోనే అప్లై చేసింది. రెండు డీఓ కాలేజీల నుంచి ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒకటి అయింది. మొన్న ఆ మాస్టర్స్ కాలేజీ నుంచి మెయిల్: "మీకు ఎక్కడ సీటు వచ్చిందో మాకు తెలియజేయండి, మీ విజయాన్ని పంచుకుందాం" అని. ఇంకా మూడేళ్ళు దాటలేదుగా. సీటు వస్తే వాళ్ళ 84లో మా అమ్మాయి కూడా ఉంటుంది. తను ఆ మెయిల్‌కి ఇంకా జవాబివ్వలేదు.