నాన్నగారి ఫియట్‌కి వింటేజ్ రిజిస్ట్రేషన్: ఎవరికి లాభం, ఎవరికి దండగ

మా నాన్నగారి ఫియట్ 1100 డిలైట్‌కి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాను. ఇంట్లో పాత బండి ఉన్న బంధువులు, స్నేహితులు "మేమూ చేయించుకోవచ్చా?" అని అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజ్ గుర్తింపు ఇచ్చే ఈ రూల్ చాలా బాగుంది. అది ఆర్టీఓ ఆఫీసులో అమలయ్యే తీరు ఇంకా కుదురుకోలేదు. పాత బండి ఉన్న ప్రతివాళ్ళూ చేయించాల్సిన పని మాత్రం కాదు.

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనల్లో 81ఎ నుంచి 81జి వరకు కొత్తగా చేర్చింది. అంతకుముందు పాత కార్ల విషయంలో దేశమంతటికీ ఒకే పద్ధతంటూ లేదు. ఇప్పుడు మొదటిసారి రిజిస్టరైన తేదీ నుంచి 50 ఏళ్ళు నిండిన కారుకైనా, టూవీలర్‌కైనా వింటేజ్ గుర్తింపు అడగొచ్చు. విదేశీ బండి అయినా సరే. లెక్క తయారైన సంవత్సరం నుంచి కాదు, రిజిస్టరైన తేదీ నుంచి. కాబట్టి పాత ఆర్‌సీ బుక్కు బంగారంలా దాచుకోండి. మాది 1969లో రిజిస్టరైంది. గుమాస్తా సిరాతో రాసిన ఆ తేదీ ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉండబట్టి ఆ మెట్టు తేలిగ్గా దాటేశాం.

రెండో షరతు నాకు మరీ నచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్ పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. మన వైపు ఖర్చు తగ్గుతుందని పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు ఎన్ని చూశామో! అవేవీ దీని కిందకి రావు. నాన్నగారికి కూడా ఆ సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆయన ససేమిరా అన్నారు. ఆ 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఈరోజుకీ అలాగే ఉన్నాయంటే అది ఆయన పట్టుదలే. ఇంకో మాట. ఇదే కారు తర్వాత 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో వచ్చింది. అంటే తొలి పద్మినీలు కూడా ఇప్పుడు 50 దాటుతున్నాయి. గోడౌన్లో దుమ్ము పట్టిన పద్మిని ఉంటే పాత ఇనుము కొట్టుకి పంపే ముందు ఒక్కసారి ఆర్‌సీ తీసి చూడండి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడే చాలామంది తికమక పడుతున్నారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. మామూలు రెన్యువల్ అయితే ఐదేళ్ళకోసారి చేయించాలి. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన బండ్లకి ఈ ఫీజు బాగా పెంచారు. మన దేశంలో తయారైన కారుకి 10,000, మోటార్ సైకిల్‌కి 2,000, దిగుమతి కారుకి 80,000. గ్రీన్ ట్యాక్స్, సర్వీస్ ఛార్జీలు వేరు. ఇప్పుడు లెక్కేయండి. మా ఫియట్ లాంటి కారుకి పదేళ్ళకి ఎలా చూసినా 20,000 అవుతుంది, కాబట్టి తేడా లేదు. తాతల నాటి ఆస్టిన్, మోరిస్ లాంటి దిగుమతి కారున్నవాళ్ళకి మామూలు దారిలో లక్షా అరవై వేలు, వింటేజ్‌లో 20,000. వాళ్ళు ఆలోచించాల్సిన పనే లేదు. స్కూటర్ల దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. మామూలుగా 4,000తో పోయేదానికి వింటేజ్ పేరుతో 20,000 కట్టాలి. కారుకీ స్కూటర్‌కీ ఒకే ఫీజు పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. మా బాబాయి లాంబ్రెట్టాకి మామూలు రెన్యువలే చేయించమని చెప్పాను.

డబ్బు సమానమైనప్పుడు ఇక చూడాల్సింది వాడకమే. వింటేజ్ అయ్యాక బండిని రోజూ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. సంపాదనకి అసలే వాడకూడదు. పెళ్ళి ఊరేగింపుకి పూలు కట్టి అద్దెకిచ్చేవాళ్ళు, షూటింగులకి పంపేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆదివారం రైతుబజారుకి ఫియట్‌లోనే వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. మా బండి నెలలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది కాబట్టి మాకు సరిపోయింది.

మా జిల్లా ఆర్టీఓ ఆఫీసులో జరిగింది కూడా చెప్పాలి. బండి నాన్నగారి పేరు మీదే ఉండటంతో ముందు ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల సర్టిఫికెట్ పెట్టి నా పేరుకి మార్పించాల్సొచ్చింది. ఈ పని ముందే చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పైగా పాత రిజిస్టర్లోని వివరాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించడానికే బోలెడు సమయం పోయింది. ఆ తర్వాత ఫారం 20, ఇన్సూరెన్స్, ఫీజు, పాత ఆర్‌సీ. అడిగినవి అంతే. దిగుమతి బండికైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ వాళ్ళ దిగుమతి పత్రం, కూడా అడుగుతారు.

బయట ఉండే ఏజెంటు "ఎందుకు సార్ ఈ వింటేజ్ గోల, మామూలు రెన్యువల్ రేపటికల్లా చేయించేస్తాను" అన్నాడు. కౌంటర్లో ఉన్నాయన అయితే "వింటేజ్ అంటే నంబర్ మారాల్సిందేనండీ, కొత్త సిరీస్ వస్తుంది" అని తేల్చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఇంగ్లీషు 'A'తో మొదలయ్యే ఆ పాతకాలపు మూడక్షరాల సిరీస్ నంబర్‌తోనే మా ఊళ్ళో ఆ కారుని గుర్తుపట్టేవాళ్ళు. నంబర్ పోతే నాకీ సర్టిఫికెట్ ఎందుకు?

రూల్ అలా లేదు. రాష్ట్రం కోడ్, తర్వాత వీఏ, రెండక్షరాల సిరీస్, నాలుగంకెల సంఖ్య. ఆ కొత్త నంబర్ మొదటిసారి రిజిస్టరయ్యే బండ్లకి. మన దగ్గర ఏపీ వీఏ అనో టీజీ వీఏ అనో మొదలవుతుంది. ఇప్పటికే ఇక్కడ రిజిస్టరైన బండి తన పాత నంబర్‌నే ఉంచుకోవచ్చని నిబంధనలోనే రాసుంది. ఆ 2021 నిబంధనల నోటిఫికేషన్ ప్రింటు తీసి, ఆ లైను కింద ఎర్ర గీత గీసి పై అధికారి ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చదివి "మీ నంబర్ మీకే ఉంటుంది" అన్నారు. ఆ పూటకి అదే చాలనిపించింది.

తనిఖీకి వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని మెచ్చుకోకుండా ఉండలేను. గ్రీజులో కూరుకుపోయిన ఛాసిస్ నంబర్‌ని కిరోసిన్ గుడ్డతో తుడిపించి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయించారు. ఇంజన్ నంబర్ ఆర్‌సీతో అంకె అంకె సరిచూశారు. డ్రైవర్ కాళ్ళ దగ్గర తుప్పు పట్టి టింకరింగ్ చేయించిన అతుకు చూపిస్తే, రిపేరు వేరు, బాడీ మార్చడం వేరు అని వివరించి చెప్పారు. పాత బండిని చూడటం తెలిసిన మనిషి.

సర్టిఫికెట్ ఫారం 23ఎలో వస్తుంది. 60 రోజుల్లో ఇవ్వాలని రూల్. మాకు ఆ గడువు దాటిపోయింది. ఎవరూ లంచం అడగలేదు, కానీ ఫైలు ఎక్కడుందో చెప్పే నాథుడు కూడా లేడు. ఇలాంటి దరఖాస్తులు అరుదుగా వస్తాయని తెలుసు. అయినా 20,000 కట్టించుకున్నాక, దీని గురించి తెలిసిన ఉద్యోగి జిల్లాకి ఒక్కరైనా ఉండాలని గట్టిగా అడుగుతున్నాను.

వెళ్ళాలనుకుంటే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులతో పాటు ఆ నోటిఫికేషన్ ప్రింటు కూడా ఫైల్లో పెట్టుకోండి. ఏజెంటు అక్కర్లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే మీరే చేయించుకోగలరు. ఫీజు కట్టే ముందు మాత్రం పాత నంబరే ఉంచమని దరఖాస్తులో రాతపూర్వకంగా కోరి, దానిమీద రసీదు ముద్ర వేయించుకోండి.