బరంపురం స్టేషన్ రోడ్డు టిఫిన్ బండి: దోస్తులతో వెళ్లండి

ఉద్యోగాలొచ్చాక మా జట్టు చెదిరిపోయింది. ఒకరు భువనేశ్వర్, ఒకరు విశాఖ. వాట్సాప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలే మిగిలాయి. పండక్కి ఊరొస్తే అందరం కలిసేది ఈ బండి దగ్గరే. ఇడ్లీ మీద వేడి ఘుగుని, అంటే బఠాణీ కూర పోసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. బఠాణీ మెత్తగా ఉడుకుతుంది గానీ చిదిరిపోదు. గారె కరకరలాడుతుంది. చట్నీ మాత్రం పలచన.

ఉన్నది ఒక్క బెంచీ, అయినా లెమ్మని తొందరపెట్టరు. మాలో ఒకడికింకా ఉద్యోగం రాలేదు. పెద్ద హోటలంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటాడు, ఇక్కడికైతే అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. డబ్బులు తనే ఇస్తానని పట్టుబడతాడు కూడా. అందుకే ఈ బండంటే నాకంత ప్రేమ. ఎనిమిది దాటితే ఘుగుని అయిపోతుంది, పెందలాడే వెళ్లండి.