జాగ్రత్త: లెక్కలు నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరేముందు వాళ్ల ఫీజునే లెక్కగట్టండి

శాతాలు, వడ్డీలు, చీటీ పాట, బంగారం తరుగు, ఇంటి లోను... నిత్యజీవితానికి పనికొచ్చే గణితమంటూ ఇంట్లో కూర్చుని నేర్చుకునే కోర్సులు తెలుగులోనూ అమ్ముతున్నారు. సిలబస్ చూస్తే ముచ్చటేస్తుంది. గొడవంతా ఫీజు దగ్గరే. "నెలనెలా కట్టుకోండి" అన్నారంటే చాలాసార్లు అది ఫీజు వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరిట రాసే అప్పు.

ఫీజు 24,000 అనుకోండి. "ఏడాదికి 12 శాతమే, పన్నెండు నెలలు, నెలకు 2,240" అంటారు. మన లెక్కలో రూపాయి వడ్డీ. 24,000కి 2,880 వడ్డీ, మొత్తం 26,880, పన్నెండుతో భాగిస్తే 2,240. కూడిక, భాగహారం సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇది ఫ్లాట్ వడ్డీ. ఆరు వాయిదాలు కట్టేసరికి మీరు బాకీ ఉండేది 12,600 పైచిలుకే, వడ్డీ మాత్రం ఆఖరి నెలదాకా మొత్తం 24,000 మీదే వేస్తున్నారు. మిగిలిన అసలు మీద లెక్కేస్తే అది ఏడాదికి 21.5 శాతం, అంటే దాదాపు రూపాయి ఎనభై పైసల వడ్డీ. ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్ తెరిచి 12, -2240, 24000 వరసగా వేసి, వచ్చినదాన్ని పన్నెండుతో గుణించండి, తేలిపోతుంది. దీనిపైన 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు (480), దాని మీద 18 శాతం జీఎస్టీ (86.40) ముందే లాగేస్తే అసలు రేటు 26 శాతం దాటుతుంది.

"నో కాస్ట్ ఈఎంఐ" (వడ్డీ లేని నెలవాయిదా) అయితే ఒకటే ప్రశ్న: ఒకేసారి కడితే ఎంత? 21,500కి ఇస్తామంటే, నెలకు 2,000 చొప్పున కట్టే 24,000లో 2,500 వడ్డీయే. రేటు 20.8 శాతం. ఖర్చు లేదన్నది పేరులోనే.

ఎక్కువమంది ఇరుక్కునేది రిఫండ్ దగ్గర. "ఏడు రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపస్" అంటారు. ఆ ఏడు రోజులు డబ్బు కట్టిన రోజు నుంచా, లాగిన్ వచ్చిన రోజు నుంచా? లాగిన్ అయిదో రోజున పంపితే మీకు మిగిలేది రెండ్రోజులే. ఇన్ని వీడియోలకు మించి చూస్తే రిఫండ్ లేదన్న షరతు ఇంకోచోట ఉంటుంది. పైగా కోర్సు రద్దయినా అప్పు దానంతటది రద్దవదు. డబ్బు కోర్సు కంపెనీకి చేరిపోయింది, బాకీదారు మీరు. వాళ్లు ఫైనాన్స్ కంపెనీకి తిరిగి జమ చేసేదాకా మీ ఖాతాలోంచి వాయిదా కట్ అవుతూనే ఉంటుంది.

అందుకే ఫోన్‌లో తొందరపెడుతున్నప్పుడు ఓటీపీ చెప్పకండి. ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) అడగండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అప్పిచ్చేవాడు అది ఇచ్చి తీరాలి. అందులో రెండే చూడండి: ఏపీఆర్ (ఖర్చులన్నీ కలిపిన ఏడాది రేటు) ఎంత, కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకునే వ్యవధి) ఎన్ని రోజులు. ఆ గడువులోపు అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోవచ్చు.

ఇక పాఠం సంగతి. డెమోలో ఈ రెండు అడగండి. 50 శాతం తగ్గింపు, ఆపైన ఇంకో 20 శాతం కలిపితే ఎంత? (60. డెబ్బై అన్నారంటే అక్కడే ఆగండి.) నెలకు 5,000 చొప్పున ఇరవై నెలల లక్ష చీటీని పదో నెలలో పాడుకుంటే నిజంగా పడే వడ్డీ ఎంత? ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమీషన్, ప్రతి నెలా వచ్చే డివిడెండు (పాటలో తగ్గిన మొత్తంలో మీ వాటా) కలిపి నెలవారీ పట్టిక వేసి చూపిస్తే ఆ మాస్టారికి పని తెలుసు. "లాభమేనండీ" అని దాటేస్తే ఆ కోర్సు వద్దు.

సర్టిఫికెట్ సంగతికొస్తే, ఐఎస్‌ఓ (నాణ్యతా ప్రమాణాల) ముద్రకీ చదువు గుర్తింపుకీ సంబంధం లేదు. దూరవిద్య డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉందంటే, యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ కనబడాలి.

అసలు డబ్బు పెట్టాలా అన్నదీ ఆలోచించండి. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) పదో తరగతి స్థాయి గణితం పుస్తకం వాళ్ల సైట్లో ఉచితం. అందులో శాతాలకు ఒక పాఠం, వాయిదాల మీద కొనడానికి విడిగా ఒక పాఠం ఉన్నాయి. సందేహాలు తీర్చే మనిషి దొరికితే చాలామందికి అదే సరిపోతుంది.

ఇప్పటికే చేరిపోయారా? రద్దు కోరుతూ కోర్సు కంపెనీకీ, ఫైనాన్స్ కంపెనీకీ ఒకే మెయిల్, అదే రోజు పంపండి. కోపంతో వాయిదా ఆపకండి, బౌన్స్ చార్జీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. కోర్సు మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అప్పు మీదైతే ముందు ఫైనాన్స్ కంపెనీకి రాసి, 30 రోజుల్లో తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. అప్పు ముగిశాక ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) తీసుకోండి, ఆటో డెబిట్ మాండేట్ రద్దయిందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి.