న్యూ హాంప్‌షైర్ రీలొకేషన్ టూర్: టెక్సాస్ నుంచి వెళ్ళి చూసొచ్చాం (4/5 స్టార్లు)

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఆరేళ్ళ నుంచి ఉంటున్నాం. మా ఆయనకి వాళ్ళ కంపెనీ బాస్టన్ దగ్గరి ఆఫీస్‌కి మారే ఛాన్స్ ఇచ్చింది, మాసచుసెట్స్‌లోనే ఉండాలా లేక బోర్డర్ దాటి న్యూ హాంప్‌షైర్‌లో నాషువా వైపు ఇల్లు తీసుకోవాలా అని మూడు నెలలు ఇంట్లో ఇదే గోల. చివరికి అక్కడే ఉండే ఒకాయన నడిపే రీలొకేషన్ టూర్ బుక్ చేసుకున్నాం, రెండు రోజులు, 600 డాలర్లు, కారు ఆయనదే, ఇళ్ళు, స్కూళ్ళు, ఆఫీసులు అన్నీ ఆయనే తిప్పుతాడు.

న్యూ హాంప్‌షైర్‌లో ఫ్రీడమ్ ఎక్కువ అని మేం అంటే, ఫ్రీడమ్ కోసం టెక్సాస్ వదిలి వెళ్ళడమేంటి, అందరూ ఇక్కడికే వస్తుంటే అని మా ఫ్రెండ్స్ అందరూ అన్నారు. నా సంగతి చెప్తే గానీ ఈ రివ్యూ అర్థం కాదు కాబట్టి చెప్తున్నా. 2023లో నాకు పదో వారంలో బేబీ హార్ట్‌బీట్ ఆగిపోయింది, స్కాన్‌లో స్పష్టంగా తెలిసింది, అయినా మళ్ళీ ఇంకో స్కాన్, మళ్ళీ వెయిట్ చెయ్యమనడం, ఎవరూ నోరు విప్పి ఇది ఎందుకు అని చెప్పరు, నేను ఆరు రోజులు అలాగే ఇంట్లో తిరిగాను. 2022 ఆగస్టు నుంచి టెక్సాస్ చట్టంలో అబార్షన్ చేసిన డాక్టర్‌కి జైలు శిక్ష ఉంది, మిస్‌క్యారేజ్ దాని కిందకి రాకపోయినా భయం మాత్రం అందరిలో ఉంది. మాకు ఇంకో బిడ్డ కావాలి. అందుకే మా ఆయనకి ఫ్రీడమ్ అంటే ట్యాక్స్, నాకు ఆసుపత్రి.

టూర్ నడిపినాయన కూడా బయటి నుంచి వచ్చినవాడే, ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ ద్వారా. తెలియనివాళ్ళకి: ప్రభుత్వం జోక్యం తక్కువ ఉండాలి అనుకునేవాళ్ళంతా ఒకే చిన్న రాష్ట్రానికి వలస వెళ్ళి అక్కడ ప్రభావం చూపిద్దాం అని 2001లో జేసన్ సోరెన్స్ అనే ఆయన పెట్టిన ఆలోచన అది, 2003లో ఓటింగ్ పెట్టుకుని న్యూ హాంప్‌షైర్‌ని ఎంచుకున్నారు, 2016కి ఇరవై వేల మంది వస్తామని సంతకం పెట్టారు. ఆయన దీన్ని అమ్మడానికి ట్రై చెయ్యలేదు, అది నాకు బాగా నచ్చింది. క్రోయ్డన్ అనే చిన్న ఊళ్ళో 2022లో ముప్ఫై నలుగురు ఓటేసిన టౌన్ మీటింగ్‌లో (ఊరి ఖర్చులు ఊరివాళ్ళే వచ్చి ఓటేసి తేల్చుకునే సభ) స్కూల్ బడ్జెట్‌ని సగానికి పైగా కోసేస్తే, రెండు నెలలకే ఊరంతా కదిలి వచ్చి 377-2 ఓట్లతో వెనక్కి తెచ్చుకున్నారని ఆయనే చెప్పాడు. మీకు స్కూలుకెళ్ళే పాప ఉంది కదా, ఏ టౌన్‌కి వెళ్ళినా అక్కడ టౌన్ మీటింగ్‌కి ఎవరొస్తారో ముందు చూసుకోండి అన్నాడు.

మొదటి రోజు వీక్‌డే, రాష్ట్ర రాజధాని కాంకర్డ్ తీసుకెళ్ళాడు. దారిలో ప్రతి నంబర్ ప్లేట్ మీదా "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు" అని రాసి ఉంటుంది, ఆ మాటని టేప్‌తో కప్పినందుకు జార్జ్ మేనార్డ్ అనే ఆయన్ని జైల్లో పెడితే 1977లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చిందట. పెద్దవాళ్ళకి సీట్ బెల్ట్ తప్పనిసరి కాని ఒకే ఒక్క రాష్ట్రం ఇదే, అయినా బెల్ట్ పెట్టుకునేదాకా ఆయన కారు కదపలేదు. అక్కడి హౌస్‌లో (మన అసెంబ్లీ లాంటిది) 400 మంది మెంబర్లు, పద్నాలుగు లక్షల జనాభాకి, జీతం ఏడాదికి 100 డాలర్లు. ప్రతి బిల్లుకీ పబ్లిక్ హియరింగ్ ఉండాల్సిందే. మమ్మల్ని ఒక కమిటీ గదిలో వెనక కుర్చీల్లో కూర్చోబెట్టాడు, తలుపు పక్కన టేబుల్ మీద పింక్ కార్డులు ఉన్నాయి, మాట్లాడాలనుకునేవాళ్ళు పేరు రాసి ఇస్తే చాలు పిలుస్తారు. మాకు ఓటు లేదు, గ్రీన్ కార్డ్ ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. పౌరులు కాకపోయినా మాట్లాడొచ్చా అని అడిగా, ఎవరైనా మాట్లాడొచ్చు అన్నాడు. ఆ కార్డు ఒకటి ఖాళీదే బ్యాగ్‌లో పెట్టుకుని వచ్చా, ఇంకా ఉంది.

మనలాంటి వీసా వాళ్ళ గురించి మాత్రం ఆయనకి అస్సలు ఐడియా లేదు. పర్మిట్ లేకుండా గన్ క్యారీ చెయ్యొచ్చు అని ఉత్సాహంగా చెప్పాడు, H-1B వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి కొద్ది మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ప్రకారం అసలు గన్నే ఉండకూడదు. గంజాయి చుట్టుపక్కల మూడు రాష్ట్రాల్లో లీగల్, న్యూ హాంప్‌షైర్‌లో కాదు, అయినా లీగల్ అయిన చోట తీసుకున్నా ఇమిగ్రేషన్ దగ్గర ఇబ్బందే. వర్క్ లొకేషన్ ఇలా మారితే H-1B పిటిషన్ అమెండ్ చేయించాలి, టికెట్లు కొనకముందే అటార్నీతో మాట్లాడండి.

ఒక స్టార్ తీసేసింది ట్యాక్స్ విషయంలో. జీతం మీద ట్యాక్స్ లేదు, సేల్స్ ట్యాక్స్ లేదు, వడ్డీ డివిడెండ్ల మీద ఉన్నది కూడా 2025 నుంచి పోయింది, ఇవన్నీ నిజమే. కానీ మా ఆయన ఆఫీస్ మాసచుసెట్స్‌లో ఉందని ముందే ఫారంలో రాశాం, బోర్డర్ దాటి ఆఫీస్‌కి వెళ్ళి పనిచేసిన రోజులకి మాసచుసెట్స్‌కి 5 శాతం కట్టాలి అన్న ముక్క చెప్పలేదు, మా CPA (ట్యాక్స్‌లు చూసే అకౌంటెంట్) చెప్తే తెలిసింది. ఇంట్లోంచి పనిచేసే రోజులకి ఆ బాధ లేదు. టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ ట్యాక్స్ అసలు కట్టని వాళ్ళం, వారానికి నాలుగు రోజులు ఆఫీస్ అంటే మా లెక్క మొత్తం మారిపోయింది. 600 తీసుకుని ఇంత ముఖ్యమైంది వదిలేస్తే ఎలా అని మెయిల్ పెట్టా, సారీ చెప్పి 100 వెనక్కి పంపాడు.

రెండో రోజు నాషువా. ఫెసెంట్ లేన్ మాల్ దగ్గర ఆపి బిల్డింగ్ మూల చూపించాడు, ఆ మూల మాసచుసెట్స్‌లోకి పోతుందని, సేల్స్ ట్యాక్స్ పడకుండా గోడని ఏటవాలుగా కోసి కట్టారు, పార్కింగ్‌లో కొంత మాత్రం ఆ రాష్ట్రంలోనే ఉంది. మా పాప ఆ గీత మీద అటో కాలు ఇటో కాలు వేసి నిలబడింది.

నాకు ఈ టూర్ విలువ తెలిసింది ఆ మధ్యాహ్నం. నా విషయం ఆయనకి రెండు ముక్కల్లో చెప్పా, మగవాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతూనే. ఆయన ఏమీ సర్దిచెప్పకుండా వాళ్ళావిడకి ఫోన్ కలిపి ఇచ్చాడు. ఆవిడ పావుగంట మాట్లాడింది: ఇక్కడ అబార్షన్ 24 వారాల వరకు లీగల్, కానీ మిగతా న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లా దీన్ని హక్కుగా రాసిన చట్టం లేదు, నాషువాలో రెండు ఆసుపత్రుల్లో ఒకటి క్యాథలిక్‌ది, అలాంటి చోట కొన్ని ప్రొసీజర్లు చెయ్యరు కాబట్టి డాక్టర్‌ని ఎంచుకునే ముందే ఏ ఆసుపత్రిలో చేస్తారో అడుగు, ఉత్తరానికి మాత్రం పోకండి అక్కడ చాలా డెలివరీ యూనిట్లు మూసేశారు. హార్ట్‌బీట్ ఆగితే అదే రోజు ఏం చేస్తారు అని ఫోన్ చేసి సూటిగా అడుగు తల్లీ అన్నట్టే ఉంది ఆవిడ మాట. డాలస్‌లో నన్ను అంత సూటిగా ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడలేదు.

ఇల్లు కొనట్లేదు. జూన్ నుంచి ఏడాదికి నాషువాలో రెంట్‌కి తీసుకుంటున్నాం, అటార్నీ ఓకే అంటే. ఇండియన్ గ్రోసరీ షాపులు ఊళ్ళోనే ఉన్నాయి, యాష్‌ల్యాండ్ లక్ష్మీదేవి గుడికి డ్రైవ్ చేసి వెళ్ళొచ్చని తెలిసి మా అత్తయ్య కూడా కాస్త మెత్తబడ్డారు.

బుక్ చేసేవాళ్ళు రెండు రోజులూ వీక్‌డేస్‌లోనే పెట్టుకోండి. మేం నాషువాకి శనివారం వెళ్ళాం, సిటీ హాల్ మూసి ఉంది, లేకపోతే మనకి నచ్చిన ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ కౌంటర్‌లో అడిగి చూసుకోవచ్చట, అది చాలా ఎక్కువే ఉంటుంది అక్కడ.