లాస్ ఏంజెలెస్ టెర్మినల్ ఏరియా చార్ట్: కొనేముందు తేదీ చూడండి

సెస్నా అనే చిన్న విమానంలో శాంటా మోనికా నుంచి తీరం వెంట టోరెన్స్ వైపు వెళ్లాలంటే మధ్యలో ఎల్‌ఏఎక్స్ (లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయం) గగనతలం అడ్డం, ముందే ప్లాన్ వేసుకోకపోతే టెన్షనే. ఆ విమానాశ్రయం చుట్టూ గగనతలాన్ని పైలట్లకు చూపే ఈ పేపర్ చార్ట్ అందుకే కొన్నాను. ఎల్‌ఏఎక్స్ మీదుగా ప్రత్యేక నిబంధనలతో వెళ్లే స్పెషల్ ఫ్లైట్ రూల్స్ దారిలో ఆగ్నేయానికైతే 3,500 అడుగులు, వాయవ్యానికైతే 4,500, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మన విమానాన్ని చూపే పరికరం) కోడ్ 1201, వేగం 140 నాట్లు దాటకూడదు, కంట్రోలర్ అనుమతి అక్కర్లేదు గానీ 128.55 రేడియో ఫ్రీక్వెన్సీలో ఎక్కడున్నామో మనమే చెప్పుకుంటూ పోవాలి. తాజా చార్ట్ విమానంలో ఉండి తీరాలి, అదీ రూలే. వెనకవైపు, రద్దీ గగనతలాన్ని తప్పించుకునే దారులు చూపే ఫ్లైవే మ్యాప్ నాకు ఇంకా నచ్చింది, ముందురోజు రాత్రి డైనింగ్ టేబుల్ మీద పరిచి పెన్సిల్‌తో గీత గీసుకుంటే దారంతా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అక్షరాలు మాత్రం మరీ చిన్నవి. 56 రోజులకోసారి కొత్తది వస్తుంది, నాకు ఒక షాపులో పాతది అంటగట్టారు.