స్పాట్ వెల్డింగ్ షెడ్డుకి థైరిస్టర్ పవర్ ఫ్యాక్టర్ ప్యానెల్: వాడి చూసి చెబుతున్న మాట

విశాఖ ఆటోనగర్‌లోని మా షెడ్డులో లోడంతా స్పాట్ వెల్డింగ్ మెషీన్లదే. ఒక్కో స్పాట్ పది పదిహేను సైకిళ్లలో (కరెంటుకి సెకనుకి యాభై సైకిళ్లు) అయిపోతుంది, అంటే సెకనులో మూడో వంతు కూడా ఉండదు. లైన్ నుంచి లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతే పవర్ ఫ్యాక్టర్, అది పడిపోకుండా కెపాసిటర్లు కలిపేదే ఈ ప్యానెల్. పాత కాంటాక్టర్ (మెకానికల్ స్విచ్) ప్యానెల్‌లో రిలే లోడు చూసి కెపాసిటర్ వేసేలోపే స్పాట్ ముగిసేది. పైగా తీసిన కెపాసిటర్‌ని డిశ్చార్జి అయ్యేదాకా మళ్లీ వేయకూడదాయె. మాకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే పనికొచ్చిన పవర్‌కే కాక లాగిన మొత్తానికి వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ పడిపోతే ఆ నష్టం యూనిట్లలోనే కలిసిపోతుంది. వోల్టేజి కుంగి స్పాట్లు సరిగా పట్టక రేకులు ఊడిరావడం ఇంకో తలనొప్పి.

థైరిస్టర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) ప్యానెల్ పెట్టించాక ఈ రెండూ తగ్గాయి. థైరిస్టర్‌కి రెండు వైపులా వోల్టేజి సమానమైన క్షణం చూసి కెపాసిటర్‌ని కలుపుతుంది కాబట్టి ఇన్‌రష్ కరెంటు (కలిపిన క్షణంలో ఒక్కసారిగా ఎగబాకే కరెంటు) దాదాపు ఉండదు. ఒకటి రెండు సైకిళ్లలోనే అందుకుంటుంది. మన గాజువాక హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) స్టేషన్‌లో తూర్పు, దక్షిణ గ్రిడ్‌ల మధ్య 1000 మెగావాట్ల దాకా పంపేది కూడా థైరిస్టర్లే. ఆ కన్వర్టర్లు పంపే పవర్‌లో దాదాపు సగమంత రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్‌లో అటూ ఇటూ తిరిగే పవర్) మింగుతాయి. దాన్ని తీర్చడానికి అక్కడ ఫిల్టర్లు, కెపాసిటర్ బ్యాంకులు ఉండాల్సిందే. పెద్ద లైన్ల మీద ఎస్‌వీసీలు (థైరిస్టర్లతో రియాక్టివ్ పవర్‌ని సర్దే యంత్రాలు) చేసే పనే మా గోడవారన ఓ బీరువాలో జరుగుతోందంటే నాకు నిజంగా సంతోషం.

ఇక లోపాలు. థైరిస్టర్ కరెంటు మోస్తున్నంతసేపూ వేడెక్కుతుంది, ఫ్యాన్ తప్పదు. ఇక్కడి ఉప్పుగాలికి, గ్రైండింగ్ పొడికి ఫ్యాన్ గాలి ఫిల్టర్ మూసుకుపోయి ఎండాకాలంలో టెంపరేచర్ ట్రిప్ అయింది. ఫిల్టర్ బయటి నుంచే మార్చుకునేలా ఉండాలి. మాది తలుపు తీసి స్క్రూలు విప్పాలి.

అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇది. స్టెప్ దీపం (ఆ కెపాసిటర్ లైన్‌లో ఉందని చూపేది) ఆరినా కెపాసిటర్ దగ్గర వోల్టేజి ఉంటుంది, ఎందుకంటే థైరిస్టర్ లేని కాలు (ఫేజు) నేరుగా లైన్‌కే కలిసి ఉంటుంది. మా కుర్రాడు దీపం ఆరింది కదా అని స్పానర్ పట్టుకుని వెళ్తుంటే, "ఒరేయ్ ఆగు, ఐసొలేటర్ దించలేదు!" అని కేకేశాను (ఐసొలేటర్ అంటే ప్యానెల్‌కి కరెంటు పూర్తిగా కట్ చేసే స్విచ్). ప్యానెల్ తయారుచేసినవాళ్లు ఆ హెచ్చరిక తలుపు మీద రాయనే లేదు. మేమే తెలుగులో ఎర్రగా రాయించి అంటించాం. ఐసొలేటర్ దించాక కూడా డిశ్చార్జి అయ్యేదాకా ఆగి, మీటర్‌తో చూసుకునే చెయ్యి పెట్టాలి.

కొనేవాళ్లు రెండు విషయాలు గట్టిగా అడగండి. స్పాట్ మెషీన్లు రెండు ఫేజుల మధ్యే ఉంటాయి కాబట్టి ఫేజు వారీగా కొలిచి, ఫేజు వారీగా స్విచ్ చేసే మోడలే కావాలి. షెడ్డులో డ్రైవ్‌లు (మోటార్ల వేగం మార్చేవి) కూడా ఉంటే 7 శాతం రియాక్టర్ (కెపాసిటర్‌తో వరుసలో ఉండే కాయిల్) లేకుండా తీసుకోవద్దు, ఐదో హార్మోనిక్‌కి (డ్రైవ్‌ల వల్ల పుట్టే 250 హెర్ట్జ్ కరెంటుకి) కెపాసిటర్లు ఉబ్బిపోతాయి.

ఫిషింగ్ హార్బర్ వైపు ఐస్ ఫ్యాక్టరీల్లాంటి చోట కంప్రెసర్ గంటల తరబడి ఒకే లోడు మీద నడుస్తుంది. వాళ్లకి మంచి కాంటాక్టర్ ప్యానెల్ చాలు, దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు.